పింగాణీ గిన్నెలో తేలిన లెక్క

"మేడం, మీరెప్పుడన్న తూచి చూసిన్రా?"

మూడో బెంచీల గోడ పక్కకు కూసునే పిల్ల అడిగింది. ఎక్కిరించనీకె అడగలే. నిజంగనే తెలుసుకోవాలని అడిగింది.

పురానాపూల్ దగ్గరి ఆ సర్కారు ఆడపిల్లల హైస్కూలుకు నేను బదిలీ మీద వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడ కాలేదు. పదో తరగతికి భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్తున్న. ఆ శనివారం రసాయన సమీకరణాల పాఠంల లెక్కలు మొదలుపెట్టిన. ఒక పదార్థం ఇంత తీసుకుంటే ఇంకొకటి ఎంత తయారయితదో ముందే లెక్కగట్టి చెప్పుడు. దీనికి స్టాయికియోమెట్రీ అని నోరు తిరగని పేరొకటి ఉంటది. ఆ పేరు వింటెనే సగం క్లాసు డెస్కుల మీద తలలు వాలుస్తది.

బోర్డు మీద తినే సోడా సమీకరణం రాసిన. తినే సోడాను బాగ వేడి చేస్తే బట్టల సోడాగ మారుతది. నీళ్లు ఆవిరయి పోతయి, కార్బన్ డయాక్సైడ్ గాలిల కలుస్తది. నూట అరవై ఎనిమిది గ్రాముల తినే సోడాకు నూట ఆరు గ్రాముల బట్టల సోడా వస్తది. మరి 8.4 గ్రాములు వేడి చేస్తే ఎంత మిగులుతది? నేనే లెక్క చేసి, 5.3 అని రాసి, కింద రెండు గీతలు కొట్టిన. పిల్లలు ఆ రెండు గీతలతో సహా నోటుబుక్కుల ఎక్కించుకున్నరు.

అప్పుడు అడిగింది ఆ పిల్ల.

"చూసిన," అన్న. "కాలేజీల చేసినం."

పిల్ల తల ఊపి కూసున్నది. ఇంకేం అడగలేదు. నమ్మింది.

జల్‌పల్లిల మా ఇంటికి పోయే ఆటోల కూసున్నంక ఆ తల ఊపుడు నన్ను ఇడిచిపెట్టలే. నేను ఏనాడూ తూచి చూడలేదు. ఇంటర్‌ల మా ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు తెచ్చుకొని ఎక్కించుడు. జవాబు ముందు రాసి, దానికి సరిపడ రీడింగులు ఎన్కనుంచి పుట్టించుడు. డిగ్రీల కూడ అంతే. లెక్కల నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చినయి. పదకొండేండ్ల నుంచి పిల్లలకు ఇదే లెక్క చెప్తున్న. 5.3 వస్తదని పుస్తకం మాట నమ్మి చెప్పిన తప్ప, నా కండ్లతోటి చూసింది లేదు.

ఆదివారం పొద్దున టిఫిన్లు అయినంక వంటింట్ల పని మొదలుపెట్టిన. గల్లీ చివర కిరాణం దుకాణమాయన దగ్గర కరెంటు కాంటా అడిగి తెచ్చిన. తినే సోడా పాకెట్ విప్పి, చిన్న గిన్నెల పోసి తూచిన. పది గ్రాములు చూపెట్టింది. ఇంకొంచెం పోసిన. అప్పుడూ పదే. ఇంకొంచెం పోస్తే ఒక్కసారే పదిహేనుకు దునికింది. ఉప్పు, పప్పు తూచే కాంటా అది. దానికి ఐదు గ్రాముల తేడా ఒక లెక్కే కాదు.

మా ఆయన బస్ డిపోల మెకానిక్. డ్యూటీకి పోతూ వంటింట్లకు తొంగి చూసిండు.

"ఏంది, సోడాను తూస్తున్నవ్? బజ్జీలకా?"

"బడికి."

"బడిల బజ్జీలా?"

ఉన్న మాట చెప్పిన. పిల్ల అడిగింది, నేను అబద్ధం చెప్పిన అని. ఆయన ఆ కాంటా దిక్కు చూసిండు.

"మేము బోల్టు బిగిస్తే కొలిచే పానా తోటి ఒకసారి చూస్తం. చూడకుంట బిగించిన అని రాస్తే బ్రేకులు పట్టవు," అని చెప్పి పోయిండు. సలహా ఇచ్చినట్టు కూడ చెప్పలేదు, తన పని ముచ్చట చెప్పినట్టే చెప్పిండు. నాకు మాత్రం తగిలింది.

సోమవారం క్లాసుకు పోయి హాజరు కూడ తీసుకోకముందే చెప్పిన. "శనివారం నేను అబద్ధం చెప్పిన. ఆ సోడాను నేను ఎన్నడూ తూచి చూడలే. నిన్న ఇంట్ల చూద్దమనుకున్న, కాంటా పనికిరాలే."

నలభై మంది పిల్లలు. అందరు ఒకరి దిక్కు ఒకరు చూసుకున్నరు. టీచర్లు తప్పు ఒప్పుకునుడు వాళ్లకు అలవాటు లేదు, నాకూ అలవాటు లేదు. ఎన్క బెంచీల నుంచి ఎవరో మెల్లగ అన్నరు: "మేడం, సారీ చెప్పాలె."

"సారీ," అన్న.

క్లాసంత గొల్లుమన్నది. నేను కూడ నవ్విన. ఆ నవ్వులల్లనే మూడో బెంచీ పిల్ల లేచి నిలబడ్డది.

"మేడం, మా అబ్బా తరాజులే బాగుచేస్తరు. పత్తర్‌గట్టిల. బంగారం తూచేటియి."

బడి ఇడిచినంక ఆ పిల్ల ఎంబడి పోయిన. పత్తర్‌గట్టిల బట్టల దుకాణాల నడుమ ఒక మెట్ల కింద ఉన్నది వాళ్ల నాయన దుకాణం. ఇద్దరు కూసుంటే మూడో మనిషి బయట నిలబడాలె. గోడ నిండ ఇత్తడి తరాజులు, పళ్లాలు, విప్పిపెట్టిన కరెంటు కాంటాలు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకొని చిన్న స్క్రూ తిప్పుతుండె. బిడ్డను చూసి భూతద్దం తీసిండు, నన్ను చూసి లేచి తన స్టూలు నాకు జరిపిండు.

"కూసోండి మేడం. ఏం తూచాలె? బంగారమా, ముత్యాలా?"

"తినే సోడా, భాయ్."

ఆయనకు నవ్వొచ్చింది గని ఆపుకున్నడు. "మీఠా సోడా తూచనీకె సోనార్ల తరాజా?"

చెప్పిన. ఇంత సోడా పెడ్తం, వేడి చేస్తం, వేడి చేసినంక ఎంత మిగులుతదో ముందే కాగితం మీద రాస్తం, తర్వాత తూచి చూస్తం.

"కాల్చకముందే రాస్తరా?"

"రాస్తం."

"కైసే? అదెట్ల?" ఆయన నిజంగనే అయోమయంల పడ్డడు. "ముప్పై ఏండ్లాయె మేడం నేను ఈ పనిల ఉండబట్టి. వస్తువును పళ్లెంల పెడ్తెనే బరువు తెలుస్తది. పెట్టకముందే చెప్పెటోళ్లను నేను చూడలే."

మోల్ గురించి చెప్పబోయిన. అణువులు కంటికి కనబడవు, ఒక్కొక్కటి లెక్కపెట్టలేం, అందుకే తూకం తోటి లెక్కపెడ్తం అని. చెప్తుంటే నాకే అది పుస్తకం చదివినట్టు అనిపించింది. ఆయన మాత్రం చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపిండు.

"ఆగండి, ఆగండి. తూకం తోటి లెక్కపెట్టుడు మాకు తెల్వదా? చిన్న చిన్న ముత్యాలు ఉంటయి, ఆవగింజలంత. వేలకు వేలు వస్తయి. ఎవరు లెక్కపెడ్తరు? వంద లెక్కపెట్టి తూస్తరు. తర్వాత మూటంత తూస్తరు. ఎన్ని ముత్యాలున్నయో తేలిపాయె."

ఆ మాట ఆయన మామూలుగ అని, మళ్ల స్క్రూ దిక్కు చూస్తున్నడు. పిల్ల, నేను ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

"అబ్బా!" అన్నది ఆ పిల్ల. "మోల్ అంటే గిదే! మా పుస్తకంల గిదే ఉన్నది!"

పదకొండేండ్లల నేను ఒక్కసారి కూడ అంత సులువుగ చెప్పలేకపోయిన. చెప్పినాయనకు మోల్ అన్న మాట కూడ కొత్తదే.

ఒక పాత కరెంటు తరాజు, గ్రాముల నూరో వంతు దాకా చూపెట్టేది, ఆయనే పార్టులు ఏసి లేపి పెట్టుకున్నది, బట్టల చుట్టి, సరిచూసుకోనీకె ఒక బాటు, అంటే చిన్న తూకంరాయి, తోడు పెట్టి ఇచ్చిండు. ఇచ్చుడు ఒక్కటే కాదు, అరగంట సేపు నేర్పిండు. తూచేటప్పుడు ఫ్యాన్ బంద్ చెయ్యాలె. టేబుల్‌కు చెయ్యి ఆనించొద్దు. వేడి గిన్నె పెట్టొద్దు, చల్లారనియ్యాలె. వేడి ఉంటే తూకం తప్పు చూపెడ్తది. చివరికి అన్నడు, "మీ లెక్క కరెక్ట్ వచ్చిన దినం నన్ను పిలువుండ్రి. చూస్త."

మర్నాడు చింతగింజలు, కందిపప్పు తీసుకపోయి క్లాసుల ముత్యాల ముచ్చట చేసి చూపెట్టిన. నూరు గింజలు లెక్కపెట్టి తూచుడు, తర్వాత డబ్బంత తూచి గింజలెన్నో చెప్పుడు. ఒక జట్టు చెప్పిన సంఖ్యకు, కూసొని లెక్కపెట్టిన సంఖ్యకు నాలుగు గింజల తేడా వచ్చింది. వాళ్లు ఎగిరి దునికిన్రు. చింతగింజల బరువు వేరు, కందిపప్పు బరువు వేరు, గని నూరంటే నూరే. అది తెలిసినంక, సోడియం బరువు వేరు, కార్బన్ బరువు వేరు, మోల్ అంటే మోలే అని చెప్తే ఎవ్వరూ తల వాల్చలే.

ఇంక మిగిలింది ల్యాబ్. నేను రాకముందు ఎప్పుడో స్పిరిట్ దీపం ఒలికి ఒక బెంచీ కాలిందట. అప్పటినుంచి ఆ గదికి తాళం. హెచ్చెమ్ మేడం దగ్గరికి పోయి అడిగిన.

"నిప్పు గిట్ల ఏం పెట్టొద్దమ్మా," అన్నది ఆమె. "ఒక్క పిల్ల చున్నీ అంటుకుంటే మనిద్దరి పని ఖతం."

"నిప్పు లేదు మేడం. కరెంటు పొయ్యిలు. చున్నీలు పిన్నులు పెట్టిస్త, జడలు ముడేయిస్త. కండ్లకు ప్లాస్టిక్ అద్దాలు కొన్న."

ఆమె ల్యాబ్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "ఒక బకెట్ల ఇసుక, ఒక బకెట్ల నీళ్లు ఉండాలె. నేను అక్కడనే కూసుంట. నాకు భయమైతే ఆపేస్త."

రెండు దినాలు పిల్లలు, నేను ఆ గది కడిగినం. ఇరిగిన కుర్చీలు బయటేసినం. బీరువాల పింగాణీ గిన్నెలు దొరికినయి, కాగితాలు కూడ విప్పలే. ఎవరో ఎప్పుడో తెప్పించి, ఒక్కసారి కూడ వాడకుంట పెట్టిన్రు. వాటిని కడుగుతుంటే ఒక పిల్ల అన్నది, "మేడం, ఇవి మనకోసమే ఆగినయి."

ఐదు జట్లు చేసిన. ఒక్కో జట్టు 8.4 గ్రాముల సోడా తూచి, గిన్నెల పోసి, కరెంటు పొయ్యి మీద పెట్టి, గాజు కడ్డీ తోటి కలపాలె. హెచ్చెమ్ మేడం ఇసుక బకెట్ పక్కన కుర్చీ ఏసుకొని రిజిస్టర్ తెరిచి కూసున్నది. సోడా వేడెక్కంగనే ఉడికే పాలోలె పొంగి కదిలింది, లోపలినుంచి గ్యాసు వస్తుంటే. పిల్లలు అబ్బ అన్నరు. పది నిమిషాలకు ఆ పొంగు తగ్గింది. దించి, చల్లార్చి, ఫ్యాన్ బంద్ చేసి, తూచినం.

6.2. 5.9. 6.8. 7.1. ఐదో జట్టుకు 4.7, ఎందుకంటే కలిపేటప్పుడు ఆ పొడి ఎగిరి బయట పడ్డది.

ఒక్కరికి కూడ 5.3 రాలే.

ఊరంత చెప్పుకొని చేసిన పని. పిల్లలు నా మొఖం చూస్తున్నరు. "పుస్తకమే తప్పేమో మేడం," అన్నది ఒక పిల్ల. ఇంకో జట్టుల ఒకామె సప్పుడు చెయ్యకుంట నోటుబుక్కుల 5.3 అని రాసుకుంటున్నది. అది చూసిన. మా కాలేజీ రికార్డు బుక్కు గుర్తొచ్చింది. ఆ పిల్లను తిట్టబుద్ధి కాలే. ఆ చెయ్యి నాదే అనిపించింది.

"వచ్చిందే రాయండి," అన్న. "6.8 వస్తే 6.8 రాయండి. ఎందుకు వచ్చిందో తర్వాత చూద్దం."

తరాజులాయన బిడ్డ తన 5.9ను పెద్ద అక్షరాలల్ల రాసింది. "తరాజు తప్పు చూపెట్టలే మేడం. అబ్బా ఇచ్చిన బాటు పెట్టి చూసిన, కరెక్టే ఉన్నది. లెక్క కూడ కరెక్టే. అంటే మనమే ఏదో మధ్యల ఆపినం."

ఏం ఆపినం? అందరం ఆ గిన్నెల దిక్కు చూస్తున్నం. తెల్లటి పొడి. ముందు ఎట్లుండెనో అట్లనే ఉన్నది. చూస్తే ఏం తెల్వదు.

గప్పుడు నాలుగో జట్టులకెల్లి ఒక పిల్ల లేచింది. ఆ పిల్ల గొంతు నేను అప్పటిదాక సరిగ్గ ఇన్నది లేదు. హాజరుకు కూడ చెయ్యి లేపుతది గని పలకదు. వాళ్లమ్మ పురానాపూల్ సందులల్ల ఇస్త్రీ బండి నడుపుతదని తెలుసు, అంతే. ఆ పిల్ల తన టిఫిన్ డబ్బ స్టీలు మూత పట్టుకొచ్చి, గిన్నెను మళ్ల పొయ్యి మీద పెట్టి, మూతను పైన కొంచెం ఎత్తుల పట్టుకున్నది. అర నిమిషం అయినంక మూత తిప్పి నాకు చూపెట్టింది.

మూత లోపల సన్నటి నీటి చుక్కలు.

"ఇంకా చెమ్మ వస్తుంది మేడం," అన్నది. "అమ్మ దుప్పట్లు ఇస్త్రీ చేసేటప్పుడు గిట్లనే చూస్తది. పైకి ఎండినట్టే ఉంటది. ఆవిరి వస్తుందంటే ఇంకా ఎండలేదన్నట్టు."

సమీకరణంల నీళ్లు బయటికి వస్తయని బోర్డు మీద నేనే రాసిన. నీళ్లు ఇంకా వస్తున్నయంటే మార్పు ఇంకా నడుస్తున్నట్టే. పొంగు ఆగింది కదా అని దించేసినం. ఇంత చిన్న ముచ్చట నాకు తట్టలే, పదిహేనేండ్ల పిల్లకు తట్టింది.

"మళ్ల పెట్టండి!" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది.

మళ్ల కాల్చుడు, మూత పట్టి చూసుడు, చల్లార్చుడు, తూచుడు. మొదలు 5.9 వచ్చిన గిన్నె 5.62కు దిగింది. మళ్ల పెట్టినం. 5.41. గంట కొట్టిన్రు. ఒక్కరు కదలలేదు. తర్వాతి పీరియడ్ లెక్కల టీచర్‌ది, ఆమె వచ్చి వాకిట్ల నిలబడ్డది. హెచ్చెమ్ మేడం రిజిస్టర్ మూసి, చెయ్యి ఊపి ఆమెను లోపలికే పిలిచింది.

ఈసారి మూత మీద చుక్కలు లేవు. చల్లార్చి తూచినం. 5.32.

"ఇంకొక్కసారి," అన్నది ఇస్త్రీ బండామె బిడ్డ. మళ్ల కాల్చి, చల్లార్చి, పళ్లెంల పెట్టినం. అంకెలు కొంచెం ఊగి ఆగినయి. 5.31.

"ఎంత వచ్చింది? ఎంత వచ్చింది?" అని అందరికంటే ముందు అడిగింది హెచ్చెమ్ మేడమే. ఇసుక బకెట్ పక్కన కుర్చీ ఖాళీగ ఉన్నది. ఆమె పిల్లల ఎన్క నిలబడి మెడ సాపి చూస్తున్నది.

మిగిలిన గిన్నెలు కూడ ఒక్కొక్కటే దిగినయి. 5.33. 5.30. 5.35. పొడి పారబోసుకున్న జట్టు కొత్తగ సోడా తూచుకొని మొదటినుంచి చేసింది. వాళ్లది 5.29 వచ్చినప్పుడు ఏసిన కేకకు పక్క క్లాసుల పిల్లలు కిటికీల దగ్గరికి ఉరికొచ్చిన్రు. నేను బల్లను పట్టుకొని నిలబడ్డ. పుస్తకంల చదివిన సంఖ్య, పిల్లల చేతులల్లకెల్లి పుట్టి, నా కండ్ల ముందటికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలే.

తరాజులాయన బిడ్డ ఇంటికి పోయి లెక్క కుదిరిందని చెప్పింది. ఆ వారంల తల్లిదండ్రుల మీటింగ్ ఉండె. తరాజులాయన ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా ఏసుకొని, చంకల ఒక తరాజు డబ్బ, చేతుల బాట్ల పెట్టె పట్టుకొని వచ్చిండు.

"మేడం, బురా మత్ మానో, ఏం అనుకోవద్దు. మీ దగ్గర ఉన్నది నేనిచ్చిందే. అయినా ఇయాల నా తరాజు పెడ్త. సోడా ఎంత పెట్టాలెనో కూడ నేనే చెప్త."

"మంచిది భాయ్," అన్న. గని ఇన్ని దినాలు 8.4 మీదనే చేసినం. జవాబు అందరికి నోటికొచ్చు.

ఆయన తన తరాజును బల్ల మీద పెట్టి, కింద కాగితం మడతపెట్టి సమం చేసి, బాటు పెట్టి చూసుకొని, గిన్నెల సోడా చెంచా తోటి ఇంత అంత అని లేకుంట పోసిండు. 6.47.

"గిది. చెప్పుండ్రి. కాల్చినంక ఎంత?"

ఇద్దరు పిల్లలు నోటుబుక్కు మీద వంగిన్రు. ఆయన బిడ్డ, ఇస్త్రీ బండామె బిడ్డ. నేను దూరం జరిగి నిలబడ్డ. కావాలనే లెక్క చెయ్యలేదు. రెండు నిమిషాలల్ల కాగితం ముక్క మీద ఏదో రాసి, మడిచి, ఆయన చేతికిచ్చిన్రు. ఆయన దాన్ని విప్పకుంట కుర్తా జేబుల ఏసుకున్నడు.

వచ్చిన తల్లులు, నాయనలు, పెద్దమ్మలు బల్ల చుట్టు మూగిన్రు. పిల్లలు తొందరపడలే. కాల్చిన్రు, కలిపిన్రు, మూత పట్టి చూసిన్రు, మళ్ల కాల్చిన్రు. చల్లారేదాక ఊరుకున్నరు. ఒకాయన "ఇంకా ఎంతసేపమ్మా?" అంటే తరాజులాయనే ఆయన దిక్కు తిరిగి, "వేడి మీద తూచొద్దు భాయ్, ఆగు," అన్నడు.

గిన్నె పళ్లెంల పెట్టిండు. ఫ్యాన్ బంద్. గిన్నె బరువు తీసేస్తే 4.09. ఆయన గిన్నె తీసి, మళ్ల పెట్టిండు. 4.08. మూడోసారి పెట్టిండు. 4.09. అప్పుడు జేబులకెల్లి కాగితం తీసి, కండ్లద్దాలు పెట్టుకొని విప్పిండు.

4.08 అని ఉన్నది.

ఆయన కాగితం దిక్కు, తరాజు దిక్కు చూసిండు. తర్వాత బిడ్డను అడిగిండు, "మిగిలింది యాడికి పాయె?"

"నీళ్లు 0.69 గ్రాములు పోయినయి అబ్బా. కార్బన్ డయాక్సైడ్ 1.69."

ఆయన మనసుల కలుపుకుంటున్నడని పెదవులు చూస్తె తెలుస్తున్నది. ఒక్కసారి తల లేపిండు. "4.08, 0.69, 1.69. కలిపితే 6.46 అయితది. నేను పెట్టింది 6.47. ఒక పాయింట్ తక్కువుంది. అది యాడ ఉంది?"

ఆ తేడాను నేను పట్టుకోలే. ముప్పై ఏండ్లు నూరో వంతుల తోటి బతికిన మనిషి పట్టుకున్నడు.

జవాబు చెప్పింది ఇస్త్రీ బండామె బిడ్డ. "చాచా, మీ తరాజు పాయింట్ తర్వాత రెండంకెలే చూపెడ్తది కదా, అందుకని మేము రెండు దగ్గర ఆపినం. మూడంకెలు రాస్తే ఇట్ల ఉంటది." బోర్డు మీద రాసింది: 4.082. 0.693. 1.695. కింద గీత కొట్టి కలిపింది. 6.470.

"సరిపాయె," అన్నడాయన. తర్వాత చప్పట్లు కొట్టిండు. ఒక్కడే మొదలుపెట్టిండు. ఎన్కనే గదంత కొట్టింది. తన బిడ్డ నెత్తి మీద ఒక చెయ్యి, రెండో పిల్ల నెత్తి మీద ఒక చెయ్యి పెట్టి, నాతోటి అన్నడు, "మేడం, మా ఉస్తాద్ ఉంటే గీ పిల్లలను దుకాణంల కూసోబెట్టుకుంటుండె."

"దుకాణంల కాదు అబ్బా, నేను కాలేజీల చేర్త," అన్నది బిడ్డ అందరి ముందటనే.

"చేరు బేటా. చేరొద్దని ఎవడన్నడు?"

అప్పటిసంది ల్యాబ్‌కు తాళం పడలే. ఇనుప మేకులు, మైలుతుత్తం, సుద్దముక్కలు, ఆమ్లం, ఒక్కొక్కటే చేసుకుంట పోయినం. ప్రతిసారి ముందు సంఖ్య రాసుడు, తర్వాత తూచుడు. కొన్ని తప్పినయి. తప్పినవి ఎందుకు తప్పినయో రాసుకునే నోటుబుక్కు ఒకటి తయారయింది. అది సరైన జవాబుల నోటుబుక్కు కంటె మందంగ ఉంటది. పబ్లిక్ పరీక్షల బరువుల లెక్క వచ్చింది. సెంటర్ గేట్ దాటి బయటికొచ్చిన పిల్లలు నన్ను చూసి దూరంనుంచే జవాబు ఒర్రిన్రు. ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కునుంచి ఒకే సంఖ్య ఒర్రుతుంటే, గేటు దగ్గరి పోలీసాయన ఏం లొల్లి అని చూసిండు.

ఆ ఎండాకాలమే మా మండలం సైన్సు టీచర్ల మీటింగ్ మా బడిల పెట్టిన్రు. నన్ను చేసి చూపెట్టమన్నరు. నేను ఇస్త్రీ బండామె బిడ్డను పిలిపించిన. ముప్పై మంది టీచర్ల ముందట ఆ పిల్ల నిలబడి ఒక్కొక్క బల్ల దగ్గరికి పోయి చెప్పింది. నెరిసిన జుట్టు పెద్దసారొకాయన గిన్నె పొయ్యి మీదనే ఉండంగ, నవ్వుకుంట కాగితం మీద 5.3 అని రాసిండు.

"సార్, అప్పుడే రాయొద్దు," అన్నది పిల్ల. "మీది ఇంకా కాలేదు."

ఆయన కొట్టేసిండు. గంటసేపు ఓపికగ కాల్చి, చల్లార్చి, తూచి, తన చేతితోటి 5.34 అని రాసుకున్నడు. రాసుకొని పక్కాయనకు చూపెట్టిండు, చిన్న పిల్లగాడోలె.

ఆ పిల్ల వాళ్లమ్మ కూడ వచ్చింది. ఎవరో "మీ బిడ్డను బడికి పిలిచిన్రు" అంటే ఏం తప్పు చేసిందో అని బండి అక్కడనే పక్కామెకు అప్పజెప్పి ఉరికొచ్చిందట. వాకిట్ల నిలబడి చూసింది. తన బిడ్డ మాట్లాడుతున్నది, ముప్పై మంది పెద్దోళ్లు ఇంటున్నరు.

"ఏం చేసింది మేడం మా పిల్ల?" అని మెల్లగ అడిగింది నన్ను.

"సార్లకు పాఠం చెప్తున్నదమ్మా."

నమ్మలే. నా చెయ్యి పట్టుకొని, "నిజంగనా?" అన్నది. నిజమే అన్న. ఆమె కొంగు తోటి మొఖం తుడుచుకొని, చెప్పులు బయట ఇడిచి, లోపలికి వచ్చి, ఆఖరి బెంచీల కూసున్నది. పాఠం అయిపోయేదాక లేవలే.